ఖుర్బానీకి బదులుగా దానం ఇవ్వవచ్చా?

ప్రశ్న: అస్సలాము అలైకుం. మాది హనుమకొండ. నాన్న దర్జీ పని చేసి ఇప్పుడు మానుకున్నారు. నేను ఒక ప్రైవేటు బడిలో టీచర్ని. అన్నయ్య దుబాయిలో ఉద్యోగం చేస్తున్నాడు. ఏటా బక్రీద్‌కు మా ఇంట్లో ఒక మేకపోతును ఖుర్బానీ ఇస్తాం. ఈసారి మూడు కొనమని అన్నయ్య చెప్పాడు. ఒకటి తన పేర, ఒకటి నాన్న పేర, మూడోది వాడలో అందరూ వచ్చి చూసేంత పెద్ద పోతు. ఆ ఒక్కదాని ధరే మిగతా రెండింటి ధరను మించింది. మెట్‌పల్లిలో మా మేనత్త ఉంది. భర్త చనిపోయాక బీడీలు చుట్టి ఇద్దరు పిల్లల్ని సాకుతోంది. ఫీజు కట్టలేక పెద్దమ్మాయి నర్సింగు చదువు మధ్యలో ఆగిపోయేలా ఉంది. మూడో పోతు డబ్బు అత్తకు పంపుదామని నేనంటే అన్నయ్యకు కోపం వచ్చింది. 'ఖుర్బానీ ఆపమంటావా? నీకు చదువు ఎక్కువై దీన్ (ధర్మనిష్ఠ) తక్కువైంది' అన్నాడు. అమ్మానాన్నలు ఏమీ అనలేక ఊరుకున్నారు. బడిలో తోటి టీచర్లు కూడా 'ప్రాణం తీసే బదులు ఆ డబ్బు పేదలకు ఇవ్వొచ్చు కదా' అని అడుగుతారు. నాకు జవాబు తోచదు. ఖుర్బానీకి బదులు దానం ఇవ్వవచ్చా? అసలు ఖుర్బానీకి అర్థం ఏమిటి? మా పక్కింటివారు హిందువులు, వారికి ఆ మాంసం ఇవ్వవచ్చా?
ఒక సోదరి, హనుమకొండ

సమాధానం: వ అలైకుముస్సలాం సోదరీ. మీ అన్నయ్య మాటలో న్యాయం ఉంది, మీ మాటలోనూ న్యాయం ఉంది. అయితే ఆయన మొదటి పోతును మనసులో పెట్టుకుని మాట్లాడుతున్నారు, మీరు మూడో పోతు గురించి మాట్లాడుతున్నారు. ధర్మశాస్త్రం ఈ రెండింటినీ ఒకే గాట కట్టదు. తప్పనిసరిగా ఇవ్వవలసిన ఖుర్బానీకి దానం బదులు కాదు. ఆ బాధ్యత తీరిన తర్వాత ఇష్టపూర్వకంగా ఇచ్చే అదనపు ఖుర్బానీ విషయానికి వస్తే, కష్టంలో ఉన్న మేనత్తను పక్కన పెట్టి దాన్నే పట్టుకోవలసిన అవసరం లేదు, ఆ డబ్బు ఆమెకు చేరడమే మేలని నా అభిప్రాయం. నేను ముఫ్తీని, అంటే ధర్మతీర్పు చెప్పే పండితుణ్ని కాను. కాబట్టి మీ ఇంటి లెక్కలు చూపించి మీ మసీదు ఇమాం గారితోనో, తెలిసిన ముఫ్తీ గారితోనో ఒకసారి నిర్ధారించుకోండి. ఈ అభిప్రాయానికి కారణాలేమిటో మాత్రం వివరంగా చెబుతాను.

ముందుగా ఎవరి మీద ఏది తప్పనిసరో తేల్చుకోవాలి. మన ప్రాంతపు ముస్లింలలో ఎక్కువమంది అనుసరించే హనఫీ మార్గంలో (ఇస్లామీ ధర్మశాస్త్ర సంప్రదాయాల్లో ఇదొకటి) ఖుర్బానీ వాజిబ్, అంటే తప్పనిసరి. షాఫయీ, మాలికీ, హంబలీ మార్గాల పండితుల్లో అత్యధికులు దాన్ని గట్టిగా తాకీదు చేసిన సున్నత్‌గా (ప్రవక్త ఆచరణగా) చూస్తారు. హనఫీ లెక్క ప్రకారం జిల్‌హజ్ నెల 10, 11, 12 తేదీల్లో ఎవరి దగ్గర నిత్యావసరాలూ అప్పులూ పోను 612.36 గ్రాముల వెండి విలువకు సరిపడే సొత్తు ఉంటుందో, వారు ఖుర్బానీ ఇవ్వాలి. జకాత్ (సంపద మీద ఏటా ఇవ్వవలసిన విధి దానం) కోసమైతే ఆ సొత్తు చేతికొచ్చి ఒక చాంద్రమాన సంవత్సరం గడవాలి, ఖుర్బానీకి ఆ నియమం లేదు. పాత పుస్తకాలు దీన్ని యాభై రెండున్నర తులాల వెండి అంటాయి. ఆ తులం 11.664 గ్రాములు, ఇవాళ బంగారం కొట్లలో తులమంటే 10 గ్రాములని లెక్క, కాబట్టి గ్రాముల్లోనే చూసుకోండి.

ఈ వాజిబ్ ఇంటి మీద కాక ఒక్కొక్క మనిషి మీద పడుతుంది. మీ అన్నయ్య సంపాదనపరుడు, కొంత వెనకేసుకున్నారు కాబట్టి ఆయన మీద ఉండే ఉంటుంది. నాన్న గారి చేతిలో మిగులు లేకపోతే ఆయన మీద లేదు. కానీ అమ్మ గారి నగల సంగతి, మీ జీతంలో మీరు దాచుకున్న సొమ్ము సంగతి మీరు రాయలేదు. హనఫీ మార్గంలో ఒంటి మీది నగలు కూడా లెక్కలోకి వస్తాయి. బంగారంతో పాటు కాస్త నగదు ఉన్నా రెండింటి విలువనూ కలిపి వెండి కొలతతోనే చూస్తారు. మన ఇళ్లలో మగవారి పేర ఏటా ఖుర్బానీ జరిగిపోతుంది, నగలున్న ఇల్లాలి మీది వాజిబ్ మాత్రం చాలామందికి గుర్తుకే రాదు. ఈసారి నాన్న పేర అనుకున్న రెండో పోతు నిజానికి అమ్మ పేరనో మీ పేరనో ఇవ్వవలసి ఉండవచ్చు. ఆ లెక్క తేలే వరకు మూడింటిలో ఏది అదనమో చెప్పడం కుదరదు. అదనమంటూ ఉంటే అది ఆ పెద్ద పోతేనని మాత్రం మీ ఉత్తరాన్ని బట్టి అనిపిస్తోంది.

ఇక మీ మొదటి ప్రశ్న. వాజిబ్ అయిన ఖుర్బానీ ధరను పండుగ మూడు రోజుల్లో పేదలకు పంచితే దానం చేసిన పుణ్యం దక్కుతుంది, కానీ ఖుర్బానీ బాధ్యత తీరదు. ఉపవాసం ఉండగలిగిన ఆరోగ్యవంతుడు రంజాన్‌లో ఉపవాసం మానేసి అన్నదానంతో సరిపెట్టుకోలేడు కదా, ఇదీ అటువంటిదే. ఆ మూడు రోజులూ గడిచిపోయి ఖుర్బానీ ఇవ్వలేకపోయినప్పుడు మాత్రం ఒక మేక విలువను దానం చేయాలని హనఫీ పండితులు చెబుతారు. ఈ విషయంలో మీ ప్రశ్న కొత్తది కాదని కూడా మీ అన్నయ్యకు తెలియాలి. ప్రజలు ఖుర్బానీని ఫర్జ్‌గా (దైవ విధిగా) భావిస్తారేమోనన్న జంకుతో ప్రవక్త సహచరులు (సహాబీలు) హజ్రత్ అబూ బక్ర్ (రజి), హజ్రత్ ఉమర్ (రజి) కొన్ని సందర్భాల్లో ఇవ్వకుండా ఉన్నారని ఉల్లేఖనాలు ఉన్నాయి. దాని ధరను ఒక అనాథకు ఇవ్వడం తనకు ఎక్కువ ఇష్టమని హజ్రత్ బిలాల్ (రజి) అన్నట్టు కూడా ఒక ఉల్లేఖనం వచ్చింది. వాజిబ్ కాదని చెప్పే పండితులు ఇటువంటి వాటిని ఆధారంగా చూపుతారు. అలా చెప్పేవారిలో కూడా ఎక్కువమంది, ఆ రోజుల్లో స్తోమత ఉన్నవారికి దానం కన్నా ఖుర్బానీయే శ్రేష్ఠమని అన్నారు. సహాబీల కాలంలోనే మాట్లాడుకున్న విషయాన్ని మీరు అడిగారు. అందుకు దీన్ తక్కువైందనే మాట మీకు పడవలసినది కాదు.

మీ తోటి టీచర్ల ప్రశ్నను ఎత్తిపొడుపుగా తీసుకోకండి, అది నిజాయితీగా అడగదగిన ప్రశ్న. వరంగల్ చుట్టుపక్కల పుట్టి పెరిగినవారికి యాట కొత్త కాదు. మేడారంలో సమ్మక్క సారలమ్మలకు మొక్కు చెల్లించి యాటను కోసి, చెట్ల కింద వండి, వచ్చినవారందరికీ పెట్టుకున్న కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. దసరా నాడు మాంసం వండుకునే ఇళ్లు తెలంగాణలో కోకొల్లలు. కోయడం, వండడం, పంచుకోవడం అనే మూడూ ఈ నేలలో అందరూ ఎరిగినవే. కాబట్టి వారు తెలుసుకోగోరేది ఇస్లాం ఈ పనిలో ఏ అర్థాన్ని చూస్తుందన్నదే అయివుంటుంది.

దానికి దివ్య ఖుర్ఆన్ నేరుగా జవాబిచ్చింది. హజ్ అనే 22వ సూరా (అధ్యాయం) 37వ ఆయత్‌లో (వాక్యంలో), వాటి మాంసం గానీ రక్తం గానీ అల్లాహ్‌కు చేరవని, ఆయనకు చేరేది మీ తఖ్వా (దైవభక్తి) మాత్రమేనని ఉంది. ఇస్లాంకు ముందు అరబ్బులు బలి పశువు రక్తాన్ని కాబా గోడలకు పూసేవారని వ్యాఖ్యాతలు రాశారు. ఈ ఆయత్ ఆ ఊహనే తుడిచిపెట్టింది. దేవుడికి ఆకలి లేదు, ఆయన కోపాన్ని రక్తంతో చల్లార్చే పనీ లేదు. మరి తఖ్వా చేరడమంటే ఏమిటి? హజ్రత్ ఇబ్రాహీం (అలై) వృత్తాంతాన్ని 37వ సూరాలో 102వ ఆయత్ నుంచి చదవండి. వృద్ధాప్యంలో అడిగి పొందిన కొడుకును జబహ్ చేస్తున్నట్టు, అంటే కోస్తున్నట్టు ఆయనకు కల వచ్చింది. ప్రవక్తల కల దైవాదేశం. అయినా ఆయన పిల్లవాణ్ని బలవంతంగా లాక్కుపోలేదు, 'నీ అభిప్రాయం ఏమిటో చెప్పు నాయనా' అని అడిగారు. 'మీకు ఆజ్ఞాపించినది చేయండి నాన్నా, అల్లాహ్ తలిస్తే నన్ను ఓర్పు వహించేవాడిగా చూస్తారు' అన్నాడు ఆ బిడ్డ. ఖుర్ఆన్ ఆ చోట పేరు చెప్పకపోయినా ఆ బిడ్డ హజ్రత్ ఇస్మాయీల్ (అలై) అని అత్యధిక ముస్లిం పండితుల మాట. చివరకు దేవుడే ఆపాడు, బిడ్డకు బదులు ఒక గొప్ప బలిని ఇచ్చాడు. మనిషి ప్రాణం ఆయన కోరలేదు. నాది, నేను సంపాదించాను, నా రక్తం అనుకునేదాన్ని కూడా ఇచ్చినవాడు అడిగితే తిరిగి ఇవ్వగలమా అన్నదే అక్కడ పరీక్ష. ఏటా ఖుర్బానీ చేసే ప్రతి మనిషీ కత్తి ముందు నిలబడి వేసుకోవలసిన ప్రశ్న అదే. ఆ ప్రశ్న లేకుండా కోసిన పోతు మాంసం హలాలే అవుతుంది, కానీ ఇబ్రాహీం సున్నత్ ఆత్మ అందులో ఎంత మిగిలిందో ఆ మనిషే ఆలోచించుకోవాలి.

మీ సహోద్యోగులకు మరో సంగతి కూడా చెప్పండి. జబహ్ చేసేటప్పుడు 'బిస్మిల్లాహి అల్లాహు అక్బర్' అని పలకకుండా, తెలిసి తెలిసి వదిలేస్తే హనఫీ మార్గంలో ఆ మాంసం హలాల్ కాదు. ఆ పలుకులో ఒక ఒప్పుకోలు ఉంది. ఈ ప్రాణం నేను ఇచ్చింది కాదు, దాన్ని తీసే హక్కు నాకు సొంతంగా లేదు, ఇచ్చినవాడి పేర, ఆయన అనుమతించిన మేరకే ఈ పని చేస్తున్నాను అన్నదే ఆ మాటలోని భావం. నేల మీద తిరిగే జంతువులు, రెక్కలతో ఎగిరే పక్షులు కూడా మీలాంటి సముదాయాలేనని ఖుర్ఆన్ 6వ సూరా 38వ ఆయత్ చెబుతోంది. జబహ్ చేసేటప్పుడు చక్కగా చేయండి, కత్తి పదును పెట్టుకోండి, పశువుకు బాధ తగ్గించండి అని దైవప్రవక్త (స) ఆదేశించినట్టు సహీహ్ ముస్లిం అనే హదీసుల (ప్రవక్త ప్రవచనాల) గ్రంథంలో ఉంది. పశువును పడుకోబెట్టి దాని కళ్ల ముందే కత్తి నూరుతున్న వ్యక్తిని చూసి 'దాన్ని రెండుసార్లు చంపదలచావా' అని ఆయన మందలించిన హదీసు కూడా ఉంది. ఇంత తెలిసిన సమాజంలో, బెదిరిపోతున్న జంతువును పదిమంది చుట్టుముట్టి కేకలు వేస్తూ ఫోన్లలో తీయడం, ఒకదాన్ని మరొకదాని ఎదుటే కోయడం చూస్తే నాకు చాలా బాధ కలుగుతుంది. మీ ఇంట్లో అది జరగనివ్వకండి. పిల్లలు చూడదలిస్తే ముందు రోజు పోతుకు మేత పెట్టి, నీళ్లు తాగించి, దాని వీపు నిమిరి రమ్మనండి.

ఖుర్బానీ వేరు, దానం వేరు అని మాట్లాడే అలవాటు మనకు ఎలా పట్టుకుందో గాని, ఖుర్ఆన్ మాత్రం వాటిని విడదీయలేదు. అదే హజ్ సూరాలో 28వ ఆయత్, వాటిని మీరు తినండి, దుస్థితిలో ఉన్న పేదకూ పెట్టండి అంటుంది. 36వ ఆయత్ ఇంకా లోతుకు వెళ్లి, అడగకుండా ఉన్నదానితో సరిపెట్టుకునేవారికీ అడిగేవారికీ ఇద్దరికీ పెట్టమంటుంది. అడగనివారిని ముందు చెప్పడం గమనించండి. చేయి చాచినవారు గడపలోకి ఎలాగూ వస్తారు, అభిమానం చంపుకోలేక ఇంట్లోనే కూర్చున్నవారిని మనమే వెతుక్కుంటూ వెళ్లాలి. మీ ఉత్తరం చదువుతున్నంతసేపూ ఈ ఆయత్ నా మనసులో మెదులుతూనే ఉంది. మెట్‌పల్లిలో బీడీలు చుట్టుకుంటున్న ఆ తల్లి మీ ఎవరినీ అడిగినట్టు మీరు రాయలేదు.

మదీనాలో ఒక ఏడాది పండుగ వేళ ఎడారి నుంచి పేద కుటుంబాలు నగరానికి వచ్చి చేరాయి. అప్పుడు ఖుర్బానీ మాంసాన్ని మూడు రోజులకు మించి దాచుకోవద్దని దైవప్రవక్త (స) ఆదేశించారు. తర్వాతి ఏడు ఆ అవసరం తీరాక, తినండి, దాచుకోండి, దానం చేయండి అని అనుమతించారు. చుట్టూ ఉన్నవారి అవసరాన్ని బట్టే మన వంటింటి హద్దు నిర్ణయమైందన్నమాట. ఇప్పుడు మనం పాటించే మూడు భాగాల పద్ధతి, అంటే ఒకటి ఇంటికి, ఒకటి బంధుమిత్రులకు, ఒకటి పేదలకు అన్నది, ముస్తహబ్ (చేస్తే మంచిది) మాత్రమే, తూకం వేసి తీరాలన్న నియమం కాదు. పెద్ద కుటుంబమై అవసరమున్నవారు ఎక్కువ ఉంచుకోవచ్చు, ఉన్నవారు మొత్తం పంచేయవచ్చు. కానీ మన వాడల్లో జరుగుతున్నదేమిటి? ఖుర్బానీ ఇచ్చిన ఇంటి నుంచి ఖుర్బానీ ఇచ్చిన మరో ఇంటికి మాంసం వెళ్తుంది, అక్కడి నుంచి అంతే మాంసం తిరిగి వస్తుంది, రెండు ఇళ్ల ఫ్రిజ్‌లూ నిండుతాయి. తొడలూ కార్జమూ ఇంటికి ఉంచుకుని ఎముకలూ కొవ్వూ సంచుల్లో కట్టి గేటు దగ్గర వరుసలో నిలబడ్డ పిల్లల చేతుల్లో పెడతారు. మీకే ఇస్తే కళ్లు మూసుకుని గాని తీసుకోరో, అటువంటి నాసిరకాన్ని ఏరి దానం చేయకండి అని బఖరా సూరా 267వ ఆయత్ హెచ్చరించింది ఇలాంటి వాటి గురించే. ఒకసారి దైవప్రవక్త (స) ఇంట్లో గొర్రెను కోశారు. ఏం మిగిలిందని ఆయన అడిగితే, భుజం ఒక్కటే మిగిలిందని ఆయన భార్య హజ్రత్ ఆయిషా (రజి) చెప్పారు. 'భుజం తప్ప అంతా మిగిలింది' అన్నారు ఆయన. పంచినదే మిగిలినట్టని ఆయన లెక్క.

'నీ ప్రభువు కోసం నమాజు చెయ్యి, ఖుర్బానీ ఇవ్వు' అని చెప్పే కౌసర్ సూరా 108వది. దానికి ముందున్న 107వ సూరా మావూన్. అనాథను గెంటేవాడిని, పేదకు అన్నం పెట్టమని ప్రోత్సహించనివాడిని, నలుగురికీ చూపించుకోవడం కోసం నమాజు చేస్తూ ఇరుగుపొరుగుకు చిన్న చిన్న వస్తువులైనా ఇవ్వనివారిని అది నిలదీస్తుంది. ఈ రెండు సూరాలూ మనలో చాలామందికి కంఠస్థం. నమాజులో ఒకదాని వెంట ఒకటి చదువుతాం కూడా. మీ అన్నయ్యతో మాట్లాడేటప్పుడు వీటిని గుర్తుచేస్తే, మీరు బయటి వాదనేదో తెచ్చారన్న అనుమానం ఆయనకు రాదు.

మూడో పోతు సంగతికి వద్దాం. దైవప్రవక్త (స) కాలంలో ఖుర్బానీ ఎలా ఉండేదని ఒకరు అడిగినప్పుడు హజ్రత్ అబూ అయ్యూబ్ అన్సారీ (రజి) ఇచ్చిన జవాబు తిర్మిజీ హదీసు గ్రంథంలో ఉంది. ఒక మనిషి తన తరఫునా తన ఇంటివారి తరఫునా ఒక్క మేకను కోసేవాడు, తామూ తినేవారు, ఇతరులకూ పెట్టేవారు, ఆ తర్వాత ప్రజలు దీన్ని గొప్పలకు వాడుకోవడం మొదలుపెట్టారు, ఇప్పుడు నువ్వు చూస్తున్నట్టు తయారైంది అని ఆయన చెప్పారు. మొదటి తరంలోనే ఆ మాట అనవలసి వచ్చింది. మంచి పోతును ఎంచుకోవడం తప్పు కాదు. గుడ్డిది, కుంటిది, రోగంతో ఉన్నది, బక్కచిక్కినది పనికిరాదని హదీసు చెబుతోంది, ఉన్నంతలో మేలైనదాన్ని ఇవ్వడం దైవచిహ్నాలను గౌరవించడమే. కానీ ధర చెప్పుకోవడానికి, స్టేటస్‌లో పెట్టుకోవడానికి కొన్న పోతు వేరు. మనసులో ఏముందో మీ అన్నయ్యకే తెలుసు, మీరో నేనో తీర్పు చెప్పకూడదు. వాడలో అందరూ చూడాలి అన్న మాట ఆయన నోటనే వచ్చింది కనుక ఆయనే దాన్ని తిరిగి ఆలోచించుకోవడం మంచిది. ఇంకా కొనలేదు కాబట్టి నిర్ణయం మార్చుకోవడానికి ధర్మశాస్త్ర పరంగా ఏ అడ్డూ లేదు.

మేనత్త విషయంలో నాకు ఏ సందేహమూ లేదు. పేదవాడికి ఇచ్చే సదఖా ఒక్క దానమేనని, బంధువుకిచ్చేది దానమూ బంధుత్వ పోషణా రెండూ అవుతుందని దైవప్రవక్త (స) చెప్పారు. పైగా ముందుగా అడగవలసింది సదఖా గురించి కూడా కాదు, జకాత్ గురించి. మీ అన్నయ్య పొదుపు మీద ఏటా రెండున్నర శాతం జకాత్ ఫర్జ్. దాన్ని తల్లిదండ్రులకు, బిడ్డలకు, భార్యకు ఇవ్వడం చెల్లదు గాని మేనత్తకు, ఆమె పిల్లలకు ఇవ్వవచ్చు, వారు నిసాబ్‌కు (పైన చెప్పిన వెండి కొలతకు) లోపు ఉంటే చాలు. 51వ సూరా 19వ ఆయత్ దీన్ని ఉన్నవారి సంపదలో అడిగేవారికీ లేనివారికీ ఉన్న హక్కు అంటుంది. అమ్మాయి ఫీజు జకాత్ నుంచే తీరిపోతే మూడో పోతు గురించి ఇంట్లో తగాదా పడవలసిన అవసరమే రాకపోవచ్చు. చాలకపోతే ఆ పోతు డబ్బు ఎలాగూ ఉంది. ఒక జాగ్రత్త తీసుకోండి. హనఫీ మార్గంలో జకాత్ సొమ్ము పేదవారి సొంతమవ్వాలి, కాబట్టి కళాశాలకు మీరే నేరుగా కట్టకుండా అత్త చేతికో, వయసొచ్చిన ఆ అమ్మాయి చేతికో ఇవ్వండి. ఇది జకాత్ అని వారికి చెప్పవలసిన పని లేదు, ఇచ్చేవారి సంకల్పం చాలు. 'పిల్ల చదువుకు మా వంతు' అని ఇచ్చి ఊరుకోండి. దెప్పిపొడిచి, మనసు నొప్పించి మీ దానాలను వ్యర్థం చేసుకోకండి అన్న ఆయత్ బఖరా సూరాలో 264వది. తర్వాత ఎప్పుడైనా పెళ్లిళ్లలోనో పేరంటాల్లోనో ఈ సహాయం మాట మీ ఇంటివారి నోట రాకుండా చూసుకోవడం దానంలో భాగమే.

అన్నయ్యను ఒప్పించడం గురించి మీరు అడగకపోయినా కొంత చెబుతాను. కరీంనగర్, జగిత్యాల, నిజామాబాద్ వైపు గల్ఫ్‌కు పోయిన బిడ్డలు లేని ఊరు అరుదు. ఏళ్ల తరబడి పండుగలన్నీ పరాయి గదుల్లో గడిపే మనిషికి, వీడియో కాల్‌లో కనిపించే తన ఇంటి ముందరి పోతు తాను కూడా అక్కడ ఉన్నాననే ధైర్యాన్ని ఇస్తుంది. పెద్దదాన్ని కట్టాలన్న ఆశలో గొప్ప చెప్పుకోవడమే కాదు, ఒంటరితనం కూడా ఉండవచ్చు. అందుకే 'ఖుర్బానీ బదులు' అనే మాటతో మొదలుపెట్టకండి. నీ పేర ఖుర్బానీ తప్పకుండా జరుగుతుంది, మంచి పోతును చూసి కొంటాం, నీకు చూపించే కోస్తాం అని ముందు చెప్పండి. మీకంటే ముందు మాట్లాడవలసినవారు నాన్న గారు. కష్టంలో ఉన్నది ఆయన తోడబుట్టినది. రక్తసంబంధాన్ని నిలుపుకోవలసిన బాధ్యత మొదట ఆయనదే, కొడుకు డబ్బు కాబట్టి నోరు మెదపకూడదని ఆయన అనుకుంటే అది పొరపాటు. నాన్న నోట 'నా చెల్లెలి బిడ్డ చదువు ఆగిపోతోంది నాయనా' అన్న మాట వస్తే, దానికి కోపగించుకునే కొడుకులు తక్కువ. అయినా అన్నయ్య మూడో పోతే కావాలంటే, ఆ డబ్బు ఆయనది, ఐచ్ఛిక ఖుర్బానీ కూడా పుణ్యకార్యమే. మీరు పంతం పట్టకుండా మీ జీతంలోంచి చేయగలిగినది అత్తకు పంపండి, ఆ పోతు మాంసంలో పెద్ద భాగం పేద ఇళ్లకు చేరేలా పట్టుబట్టండి.

ఖుర్బానీ ఇవ్వలేని ఇళ్లకూ ఒక మాట. మీ అత్త గారి చెవిన వేయండి. దైవప్రవక్త (స) ఒక పొట్టేలును కోస్తూ, ఇది నా తరఫున, నా సమాజంలో ఖుర్బానీ ఇవ్వలేకపోయిన వారి తరఫున అన్నారని అబూ దావూద్ హదీసు గ్రంథంలో ఉంది. అప్పు తెచ్చి మేకను కొనే అవసరం ఏ పేదకూ లేదు. పిల్లలు చిన్నబుచ్చుకుంటారని వడ్డీకి తెచ్చి మరీ కొనేవారు మన మధ్య ఉన్నారు, వారిని ఆపవలసిన బాధ్యత తెలిసినవారిది.

పక్కింటి హిందువులకు ఖుర్బానీ మాంసం ఇవ్వవచ్చు, హనఫీ పండితులు దాన్ని స్పష్టంగా అనుమతించారు. హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ అమ్ర్ (రజి) ఇంట్లో గొర్రెను కోసినప్పుడు 'మన యూదు పొరుగువారికి పంపారా' అని ఆయన మళ్లీ అడిగి, పొరుగువారి గురించి దైవదూత జిబ్రీల్ (అలై) తనకు ఎంతగా తాకీదు చేశారో దైవప్రవక్త (స) చెప్పిన మాటను గుర్తుచేశారు. అయితే ముందు వారిని అడగండి. మాంసం తినని ఇల్లు కావచ్చు, తినేవారే అయినా ఆ రోజు వారమో వ్రతమో ఉండి ఉండవచ్చు, మరో దేవుడి పేర కోసినది తినకూడదన్న పట్టింపు ఉండవచ్చు. అలాంటప్పుడు షీర్ ఖుర్మానో, పండ్లో పంపితే పొరుగు హక్కు తీరుతుంది. మీ గుమ్మం ముందు రక్తం, వ్యర్థాలు వారి కంట పడకుండా, వాసన రాకుండా ఎప్పటికప్పుడు కడిగించి, మున్సిపాలిటీ బండికి అప్పగించడం కూడా ఆ హక్కులోదే.

మిగిలినవి కొన్ని పనికి సంబంధించిన విషయాలు. కసాయికి కూలి విడిగా డబ్బు రూపంలో ఇవ్వండి. ఖుర్బానీ మాంసంలో గానీ చర్మంలో గానీ కూలి కింద ఏమీ ఇవ్వకూడదని హజ్రత్ అలీ (రజి)కి దైవప్రవక్త (స) చెప్పారు, కూలి ఇచ్చాక బహుమానంగా కొంత మాంసం ఇస్తే తప్పులేదు. చర్మానికి ఒకప్పటి ధర లేదని కాలువలో పడేయకండి, ఉప్పు రాయించి మదరసాకో పేదకో ఇవ్వండి. అమ్మితే ఆ సొమ్ము మొత్తం దానానికే పోవాలి. పోతుకు ఏడాది నిండిందో లేదో అమ్మేవారి మాటను బట్టి కాకుండా, పళ్లు చూడటం తెలిసినవారిని వెంట తీసుకెళ్లి చూసుకోండి. ధర దగ్గర మాత్రం, ఏడాదంతా ఎండావానల్లో వెంట తిరిగి మేపిన గొల్లకురుమను మరీ పిండకండి. అన్నయ్య తరఫున మీరు చేయించాలంటే ఆయన మిమ్మల్ని నోటిమాటగా నియమిస్తే చాలు. దుబాయిలో పండుగ సాధారణంగా మనకన్నా ఒక రోజు ముందు వస్తుంది కాబట్టి, మనకు మూడో రోజు వచ్చేసరికి అక్కడ ఖుర్బానీ రోజులు ముగిసిపోయి ఉంటాయి. అందుకని ఆయన పేర ఇచ్చేదాన్ని మొదటి రోజు ఈద్ నమాజు అయ్యాక గానీ, రెండో రోజు గానీ పూర్తి చేయించండి.